ఖిసాస్, కంపెనీ సర్కారు, మరణశిక్ష వివాదం

మరణశిక్షను ఉంచాలా, రద్దు చేయాలా అన్న వివాదం రెండున్నర శతాబ్దాలుగా ప్రపంచంలో సాగుతున్నది. ఈ వివాదంలో ఇస్లాం ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒకే చిత్రం మన ముందు పెట్టబడుతుంది. ఒక వైపు కరుణ దిశగా నడచివస్తున్న పాశ్చాత్య దేశాలు. మరొక వైపు కత్తి దూసి నిలబడిన షరీఅత్. విచారించవలసిన విషయమేమంటే, మన ఉపన్యాసకులు సైతం ఈ చిత్రాన్ని కాదనరు. కఠిన శిక్షల వల్లనే సమాజంలో శాంతి నిలుస్తుందని చెప్పి, ఆ కత్తినే గొప్పగా చూపిస్తారు. ఉభయులూ మరచిపోయిన చరిత్ర ఘట్టం ఒకటి ఉన్నది. పద్దెనిమిదో శతాబ్దం చివర బెంగాల్‌లో ఇంగ్లీషు పాలకులు ఇస్లామీ నేరచట్టాన్ని మార్చివేశారు. అది మరీ మెత్తగా ఉన్నదని, హంతకులు ఉరి తప్పించుకొని పోతున్నారని వారి ఫిర్యాదు. ఆ మార్పు ఎలా జరిగింది, దానిలో మనం కోల్పోయినదేమిటి, ఆ ఫిర్యాదులో నిజమెంత అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

హిదాయాలోని చట్టం

మొగలాయిల కాలం నుండి బెంగాల్ సూబాలో నేరవిచారణ హనఫీ ఫిఖహ్ ప్రకారం సాగేది. ఫర్గానా లోయలోని మర్గీనాన్‌కు చెందిన ఇమామ్ బుర్హానుద్దీన్ (మరణం 1197) రచించిన హిదాయా, ఔరంగజేబు కాలంలో సంకలితమైన ఫతావా ఆలంగీరీ ఖాజీలకు, ముఫ్తీలకు ముఖ్యమైన ఆధార గ్రంథాలు.

ఫుఖహా నేరాలను విచారించేటప్పుడు మొదట అడిగే ప్రశ్న, ఇది ఎవరి హక్కుకు భంగం అన్నది. వ్యభిచారం, దొంగతనం వంటి హద్దు నేరాలలో ప్రధానంగా భంగపడేది అల్లాహ్ హక్కు. అందువల్ల న్యాయస్థానంలో రుజువైన తరువాత వాటిని క్షమించే అధికారం ఏ మనిషికీ లేదు. హత్య విషయం వేరు. అందులో దాసుని హక్కుదే పైచేయి. చనిపోయినవాడు తిరిగి వచ్చి తన హక్కు అడగలేడు గనుక అది అతని వారసులకు సంక్రమిస్తుంది. వారు ప్రాణానికి ప్రాణం కోరవచ్చు. హంతకునితో ఒప్పందం చేసుకొని ధనం స్వీకరించవచ్చు. ఏమీ తీసుకోకుండా క్షమించనూవచ్చు. వారసులలో ఒక్కరు క్షమించినా ఖిసాస్ రద్దయిపోతుంది. మిగిలినవారికి దియత్‌లో వారి వంతు మాత్రం దక్కుతుంది.

ఈ చట్టానికి మూలం దివ్య ఖుర్‌ఆన్. అల్ బఖరా సూరా 178వ ఆయత్ ఖిసాస్‌ను విధిస్తూ, ఆ వెంటనే క్షమాపణ మాట ఎత్తుతుంది. అక్కడ హతుని వలీని హంతకునికి సోదరుడని పేర్కొనడాన్ని ముఫస్సిర్లు ప్రత్యేకంగా గుర్తించారు. అల్ మాయిదా సూరా 45వ ఆయత్ ఆ హక్కును దానంగా వదలుకొన్నవారికి అది పాప పరిహారమవుతుందని తెలుపుతుంది. బనీ ఇస్రాయీల్ సూరా 33వ ఆయత్ వలీకి అధికారమిచ్చి, అందులో హద్దు మీరరాదని శాసిస్తుంది. ఖిసాస్‌కు సంబంధించిన ఏ వ్యవహారం తన ఎదుటకు వచ్చినా మహాప్రవక్త (స) క్షమించమనే చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉన్నది.

ఇక్కడ మరొక సూక్ష్మాన్ని పాఠకులు గమనించాలి. వారసులు ఎవరూ లేని హతునికి సుల్తానే వలీ. అతడు ఖిసాస్ అమలు జరపవచ్చు, దియత్ తీసుకోవచ్చు. ఊరికే క్షమించే అధికారం మాత్రం అతనికి లేదని హనఫీల మతం. క్షమాపణ విషయంలో పేద విధవరాలికి ఉన్న అధికారం సుల్తానుకు లేదన్నమాట.

రెండో విషయం హత్యాసాధనం. ఇమామ్ అబూ హనీఫా (రహ్) దృష్టిలో, ఆయుధంతో గాని, ఆయుధంలా శరీరాన్ని ఛేదించే వస్తువుతో గాని చంపితేనే అది 'అమ్ద్', అనగా బుద్ధిపూర్వక హత్య. పెద్ద రాయితోనో కర్రతోనో కొట్టి చంపితే అది 'షిబ్హె అమ్ద్'. దానికి ఖిసాస్ లేదు, భారీ దియత్ ఉన్నది. మనసులోని ఉద్దేశం కంటికి కనబడదు. చేతిలోని సాధనమే దానికి సాక్ష్యం. సందేహానికి చోటున్నప్పుడు ప్రాణం తీయరాదు. ఇదీ ఆయన తర్కం. శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ దీనితో ఏకీభవించలేదు. సాధారణంగా ప్రాణం తీసే ఏ వస్తువుతో చంపినా అది అమ్దే అన్నారు. గురువు మాట, శిష్యుల మాట రెండూ హిదాయాలో పక్కపక్కనే ఉంటాయి.

కంపెనీవారి ఫిర్యాదు

1765లో ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీ దక్కింది. నేరవిచారణ మాత్రం నిజామత్ పేర నవాబు అధీనంలోనే నిలిచింది. 1772లో వారెన్ హేస్టింగ్స్ జిల్లాకొక ఫౌజ్‌దారీ అదాలత్‌ను, వాటిపైన సదర్ నిజామత్ అదాలత్‌ను ఏర్పాటు చేశాడు. వాటిలో తీర్పు చెప్పేవారు ఖాజీలు, ముఫ్తీలే. కాని అదే ప్రణాళికలో బందిపోట్ల గురించి షరీఅత్‌లో ఎక్కడా లేని ఒక నిబంధన చేరింది. నేరం రుజువైన బందిపోటును అతని స్వగ్రామానికి తీసుకుపోయి అక్కడే వధించాలి. గ్రామంపై జరిమానా వేయాలి. అతని భార్యాబిడ్డలు సర్కారుకు బానిసలు కావాలి. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్‌ఆన్ పదేపదే చెప్పిన సూత్రం. నిబంధన దానికి పూర్తిగా విరుద్ధం.

1773లో హేస్టింగ్స్ తన కౌన్సిలుకు రాసిన లేఖలో ముస్లిం చట్టం ఎంతో మృదువైన సూత్రాలపై నిలిచి, రక్తపాతాన్ని అసహ్యించుకొంటుందని, అందువల్ల నేరస్థులకు తగిన శిక్ష పడడం లేదని ఫిర్యాదు చేశాడు. సాధనాన్నిబట్టి హత్యను విభజించడం, హంతకుని క్షమించే హక్కు బంధువులకు ఇవ్వడం ఆయన ముఖ్యమైన ఆక్షేపణలు.

ఈ మాటలు అన్నవారి స్వదేశంలో ఆనాడు చట్టం ఎలా ఉండేదో చూద్దాం. దుకాణంలో 5 షిల్లింగుల సరుకు దొంగిలించినా, ఇంటిలో 40 షిల్లింగుల సొత్తు దొంగిలించినా ఉరి. 1723 నాటి బ్లాక్ యాక్టు ఒక్కటే అనేక కొత్త నేరాలకు మరణశిక్ష విధించింది. పంతొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల నాటికి ఇంగ్లండులో మరణశిక్షార్హమైన నేరాలు 200 దాటాయి. 5 షిల్లింగుల దొంగతనానికి ఉరి తొలగించాలని సర్ శామ్యూల్ రోమిలీ తెచ్చిన బిల్లును 1810లో ప్రభువుల సభ తిరస్కరించింది.

ఆ చట్టం రుచి కలకత్తా ప్రజలు ముందే చూశారు. 1775 ఆగస్టు 5న మహారాజా నందకుమార్‌ను ఉరితీశారు. ఆయనపై నేరం హత్య కాదు, దస్తావేజు ఫోర్జరీ. ఇంగ్లండులో ఫోర్జరీకి ఉరి ఉన్నది గనుక సర్ ఎలిజా ఇంపే ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న సుప్రీంకోర్టు కలకత్తాలోనూ అదే శిక్ష వేసింది. ఈ దేశంలో అమలులో ఉన్న ఏ ధర్మశాస్త్రం ప్రకారం చూసినా ఆ నేరానికి ప్రాణం తీయరు.

అనువాదంలో జరిగిన నష్టం

ముఫ్తీల మీద ఆధారపడకుండా చట్టాన్ని స్వయంగా తెలుసుకోవాలని కంపెనీవారు తలచారు. హేస్టింగ్స్ ఆదేశంపై మౌల్వీ గులాం యహ్యా మొదలైనవారు హిదాయాను అరబీ నుండి ఫార్సీలోకి మార్చారు. ఆ ఫార్సీ ప్రతి నుండి చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషు చేశాడు. 1791లో లండనులో నాలుగు సంపుటాలుగా అది వెలువడింది. అంటే అది అనువాదానికి అనువాదం.

మదరసాలో అరబీ హిదాయా చదువుకొని, అనేక సంవత్సరాల తరువాత విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో హామిల్టన్ ప్రతిని తెరచినప్పుడు నాకు మొదట తట్టిన సంగతి ఒకటి చెప్తాను. కితాబుద్దియాత్ అనే అధ్యాయానికి హామిల్టన్ పెట్టిన శీర్షికలో దియత్‌కు సమానార్థకంగా 'ఫైన్స్' అన్న మాట ఉన్నది. ఫైన్ అంటే జరిమానా. జరిమానా ఎవరికి చెల్లుతుంది? సర్కారుకు. దియత్ ఎవరికి చెల్లుతుంది? హతుని వారసులకు. అనువాదకునిగా నేను ఆయనను నిందించను. తన భాషలో లేని భావానికి దగ్గరగా ఉన్న మాటను ఏరుకోవడం మేమందరం రోజూ చేసే పనే. కాని ఆ ఒక్క మాటతో చదువరి దృష్టిలో ధనం చేరే గడప మారిపోయింది. ఖిసాస్‌కు ఆయన వాడిన మాట 'రిటాలియేషన్', అనగా ప్రతీకారం. ఖిసాస్ ధాతువులో అడుగుజాడ వెంట నడవడం, సరిసమానం చేయడం అనే అర్థాలున్నాయి. నేరం ఎంతవరకు పోయిందో అంతవరకే పోవాలి, ఒక్క అడుగు మించరాదని దాని భావం. తెలుగులో మనమూ 'ప్రతీకారం' అనే రాసుకొంటూ వచ్చాం.

1790 నిబంధనలు

కారన్‌వాలిస్ గవర్నరు జనరలుగా వచ్చిన తరువాత 1789లో జిల్లాల మెజిస్ట్రేట్లకు ప్రశ్నలు పంపి, నేరచట్టంలోని లోపాలపై అభిప్రాయాలు తెప్పించుకొన్నాడు. 1790 డిసెంబరు 3న కొత్త నిబంధనలు ఆమోదం పొందాయి. నాయబ్ నాజిం ముహమ్మద్ రజా ఖాన్ అధికారం ముగిసింది. సదర్ నిజామత్ అదాలత్ ముర్షిదాబాదు నుండి కలకత్తాకు తరలి, గవర్నరు జనరలు, కౌన్సిలు చేతికి వచ్చింది. సర్క్యూట్ కోర్టులలో ఇంగ్లీషు న్యాయాధిపతులు పీఠమెక్కారు. ఖాజీ, ముఫ్తీ పక్కన కూర్చొని ఫత్వా ఇచ్చేవారయ్యారు.

హత్య విషయంలో ముఖ్యమైన మార్పులు రెండు. మొదటిది, సాధనాన్ని కాక ఉద్దేశాన్ని చూడాలి. ఇమామ్ అబూ హనీఫా మాటకు బదులు ఆయన శిష్యుల మాటను అనుసరించాలి. ఇది ఫిఖహ్ లోపలి మార్పే. రెండోది, వారసుల క్షమాపణ ఉరిని ఆపరాదు. ఇది షరీఅత్ వెలుపలికి వేసిన అడుగు. వారసులు ఫిర్యాదు చేయడానికి నిరాకరిస్తే ఏం చేయాలన్న ప్రశ్న దీని వెంటే పుట్టింది. 1792లో, తిరిగి 1797లో చేసిన నిబంధనలు దానికి విచిత్రమైన దారి చూపాయి. వారసులు ఖిసాస్ కోరినట్లే భావించుకొని ముఫ్తీ ఫత్వా ఇవ్వాలి. తల్లి కోర్టులో నిలబడి, నేను క్షమించాను అన్నప్పటికీ, ఆమె ప్రాణం కోరిందనుకొని ఆలిం తన అభిప్రాయం రాయాలి. పేరు షరీఅత్‌ది, తీర్పు సర్కారుది. దియత్‌కు బదులు జైలు వచ్చింది. 1799 నిబంధన మరి కొన్ని మినహాయింపులను తీసివేసింది. బిడ్డను చంపిన తండ్రికి ఖిసాస్ లేదన్న నియమం వాటిలో ఒకటి.

ఈ మార్పుల ప్రభావం బెంగాల్‌తో ఆగలేదు. 1802లో మద్రాసు రాజధానిలోనూ ఇదే పద్ధతి ప్రవేశించింది. మద్రాసులో సదర్ ఫౌజ్‌దారీ అదాలత్, తెలుగు ప్రాంతంలో మచిలీపట్నం, చిత్తూరు సర్క్యూట్ కోర్టులు ఏర్పడ్డాయి. 1860లో తయారై 1862 జనవరి 1న అమలుకు వచ్చిన భారత శిక్షాస్మృతితో ఖిసాస్ పేరు కూడా మాసిపోయింది. 302వ సెక్షను హత్యకు మరణం గాని, యావజ్జీవ శిక్ష గాని విధించింది. హతుని తల్లి ఆ కోర్టులో కేవలం సాక్షి. హంతకుని క్షమించే అధికారం పాలకుని చేతికి పోయింది. ఈనాడు రాజ్యాంగం 72వ అధికరణం ప్రకారం అది రాష్ట్రపతికి, 161వ అధికరణం ప్రకారం గవర్నరుకు ఉన్నది. హనఫీ ఫిఖహ్ సుల్తానుకు ఇవ్వని అధికారం రాజ్యానికి దక్కింది; ఆ ఫిఖహ్ వారసునికి ఇచ్చిన అధికారం ఎవరికీ మిగలలేదు.

ఫిర్యాదులో నిజమెంత?

ఇంతవరకు చదివి, తప్పంతా కంపెనీదే అని పుస్తకం మూసివేయడం సులభం. చరిత్రకారునికి అది తగదు. వారసుల క్షమాపణ దుర్వినియోగమయ్యే మార్గాలు నిజంగా ఉన్నాయి. హంతకుడు బలవంతుడైతే వారసుల నోరు భయంతో మూతపడుతుంది. ధనవంతుడైతే ప్రాణానికి వెల కడతాడు. హత్య ఇంటిలోనే జరిగితే, చంపినవాడూ క్షమించేవాడూ ఒకే కుటుంబం వారవుతారు. చనిపోయిన ఆడపిల్ల తరఫున అడిగే నాథుడుండడు.

మన ఫుఖహా ఈ ప్రమాదాన్ని ఎరుగనివారు కారు. ఇమామ్ మాలిక్ (రహ్) ప్రకారం, వారసులు క్షమించినా హంతకునికి 100 కొరడా దెబ్బలు, ఒక సంవత్సరం ఖైదు తప్పవు. మోసగించి, మాటువేసి చంపిన 'గీలా' హత్యలో అసలు వారసుల క్షమాపణే చెల్లదు. అది సమాజం మొత్తంపై జరిగిన దాడి. హనఫీలు కూడా పదేపదే గొంతు పిసికి చంపేవానిని 'సియాసత్' కింద శిక్షించే అధికారం పాలకునికి ఇచ్చారు. క్షమాపణకు కంచె వేసే సాధనాలు షరీఅత్ లోపలే ఉన్నాయి. కంపెనీవారు కంచె వేయలేదు. పొలాన్నే స్వాధీనం చేసుకొన్నారు.

రద్దు ఉద్యమం

కంపెనీ బెంగాల్‌లో ఉరిని బిగిస్తున్న కాలంలోనే ఐరోపాలో దానికి వ్యతిరేకంగా గొంతు లేచింది. మిలాన్ నగరానికి చెందిన బెకారియా 1764లో తన గ్రంథం ప్రకటించి, మనిషి ప్రాణం తీసే హక్కు రాజ్యానికి ఎక్కడి నుండి వచ్చిందని ప్రశ్నించాడు. 1786లో టస్కనీ మరణశిక్షను రద్దు చేసింది. 1863లో వెనిజులా, 1867లో సాధారణ నేరాలకు పోర్చుగల్, 1965లో హత్యానేరానికి బ్రిటన్, 1981లో ఫ్రాన్సు ఆ దారిలో నడిచాయి. 2007 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఉరిశిక్షల అమలును నిలిపివేయాలని 104 ఓట్లతో పిలుపునిచ్చింది; 54 దేశాలు వ్యతిరేకించాయి, 29 తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకించిన వాటిలో భారతదేశం ఉన్నది, అనేక ముస్లిం దేశాలూ ఉన్నాయి. అయితే ముస్లింలు అధికసంఖ్యలో ఉన్న దేశాలన్నీ ఒకే వైపున లేవు. అజర్‌బైజాన్ 1998లో, తుర్కీ, సెనెగల్ 2004లో, ఉజ్బెకిస్తాన్ 2008లో మరణశిక్షను తొలగించాయి.

మన దేశంలో కూడా చట్టం మెల్లగా ఆ దిశకే జరిగింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, హత్యకు ఉరి వేయని న్యాయమూర్తి కారణం రాయాలి. 1955 సవరణతో ఆ నియమం పోయింది. 1973 కోడ్‌లో వ్యవహారం తలక్రిందులై, ఉరి వేసే న్యాయమూర్తే ప్రత్యేక కారణాలు రాయాలన్నారు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను నిలబెడుతూనే, దానిని అత్యంత అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకే పరిమితం చేసింది. యావజ్జీవ ఖైదీ హత్యచేస్తే ఉరి తప్పదన్న 303వ సెక్షను 1983లో కొట్టివేయబడింది. ఉగ్రవాద నేరాలకు తప్ప మరణశిక్షను రద్దు చేయాలని లా కమిషన్ 2015లో తన 262వ నివేదికలో సిఫారసు చేసింది. అయినా 2024 జూలై 1న అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానిని ఉంచింది.

ఈ వాదోపవాదాలలో ఉన్న పక్షాలు ముఖ్యంగా రెండే: రాజ్యం, దోషి. రాజ్యానికి ప్రాణం తీసే హక్కు ఉన్నదా, దోషికి బ్రతికే హక్కు ఉన్నదా అని అడుగుతారు. హతుని ఇంటివారి మాట ఎక్కడో అంచున వినిపిస్తుంది. మన దేశంలో 2008 సవరణ చట్టం బాధితులకు అప్పీలు హక్కును, పరిహార పథకాన్ని ఇచ్చింది. తలుపు కొద్దిగా తెరచుకొన్నదనవచ్చు.

నేటి అనుభవం

ఖిసాస్‌ను తిరిగి తెచ్చుకొన్న దేశం అనుభవం కూడా చూడాలి. పాకిస్తాన్ సుప్రీంకోర్టు షరీఅత్ అప్పిలేట్ బెంచి 1989లో, బ్రిటిషువారి హత్యాచట్టంలో వారసుల హక్కుకు చోటు లేకపోవడం షరీఅత్ విరుద్ధమని చెప్పింది. 1990 ఆర్డినెన్సుతో ఖిసాస్, దియత్ వచ్చాయి. 1997లో పార్లమెంటు దానిని చట్టం చేసింది. హేస్టింగ్స్ ఆక్షేపించిన ప్రమాదం అక్కడ కండ్లకు కనిపించింది. పరువు పేర చెల్లెలిని చంపిన అన్నను తల్లిదండ్రులు క్షమించడం, అతడు ఇంటికి వచ్చేయడం జరుగుతూ వచ్చాయి. 2016లో అటువంటి హత్యలకు, వారసులు క్షమించినా యావజ్జీవ ఖైదు తప్పదని చట్టం సవరించారు. ఇమామ్ మాలిక్ ఏనాడో చూపిన దారి అది. చట్టం తెచ్చినవారు ఖిసాస్‌తో పాటు కంచెను కూడా ఆనాడే తెచ్చి ఉంటే కొందరు ఆడబిడ్డల ప్రాణాలు దక్కేవేమో.

సౌదీ అరేబియాలో 2022 మార్చి 12న ఒకే రోజు 81 మందికి మరణశిక్ష అమలు జరిగింది. మాదకద్రవ్యాల నేరాలకు కూడా అక్కడ తలలు తీస్తారు. అటువంటి శిక్షలు ఖిసాస్ కావు. పాలకుని విచక్షణకు వదలిన తఅజీర్ శిక్షలు. వాటిలో క్షమించే వారసుడే ఉండడు. వీటిని సమర్థించడానికి ఖిసాస్ ఆయత్‌లు చదివేవారు రెండింటినీ కలగాపులగం చేస్తున్నారు.

గల్ఫ్‌కు వలసపోయే మన తెలుగువారికి ఈ చర్చ దూరపు విషయం కాదు. రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన ఐదుగురు కార్మికులు ఒక నేపాలీ కాపలాదారు మృతి కేసులో దుబాయి జైలులో సుమారు 18 ఏళ్లు గడిపి 2024 ఫిబ్రవరిలో ఇంటికి చేరారు. వారి కోసం ఇక్కడివారు నేపాల్ వెళ్లి, మృతుని కుటుంబానికి పరిహారమిచ్చి, క్షమాపత్రం తెచ్చుకొన్నారు. అదే సంవత్సరం సౌదీలో మరణశిక్ష పడిన ఒక మలయాళీ కోసం ప్రజలు 34 కోట్ల రూపాయలు పోగుచేశారు. అపరిచితుని ప్రాణం కోసం అంతమంది చేయి చాచడం సంతోషించదగినదే. కాని 34 కోట్లు పోగు కానివాడి సంగతేమిటి? ఫుఖహా దియత్‌ను 100 ఒంటెలుగా నిర్ణయించారు. రాజీకి మాత్రం పైహద్దు పెట్టలేదు. పేదవాని మెడకు, ధనికుని మెడకు తేడా రాకుండా బైతుల్‌మాల్ ఆదుకొనే ఏర్పాటు చేయడం నేటి ముస్లిం రాజ్యాల బాధ్యత.

మరణశిక్ష వివాదంలో మనం చెప్పవలసిన మాట ఈ చరిత్ర నుండే తేలుతుంది. కత్తి మనది, కరుణ వారిది అన్న పంపకం చరిత్రకు విరుద్ధం. హత్యలో మొదటి హక్కు చనిపోయినవానిది, అతని ఇంటివారిది. వారికి న్యాయం కోరే అధికారం ఉండాలి. భయం, ప్రలోభం లేకుండా క్షమించే అధికారమూ ఉండాలి. ఆ క్షమాపణను బలవంతులు కాజేయకుండా చట్టం కాపలా కాయాలి. మరణశిక్షను రద్దు చేయాలనే మిత్రులతో మనకు అన్ని విషయాలలో ఏకీభావం ఉండదు. ఖిసాస్ అల్లాహ్ శాసనమని మన విశ్వాసం. అయినా క్షమాపణను ప్రోత్సహించడంలో వారు మనకంటె ముందుండడం మనకు గౌరవం కాదు. తన ఎదుటకు వచ్చిన ప్రతి ఖిసాస్ వ్యవహారంలో క్షమించమని చెప్పిన ప్రవక్త (స) అనుచరులం మనం. మన మింబర్లపై నుండి ఖిసాస్ మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో, ఆ క్షమాపణ మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో ఒకసారి లెక్క చూసుకోవాలి.